కన్నవారిని వెదకు బిడ్డలు

హైదరాబాదునుండి నాగార్జునసాగరమునకు పోవు రహదారిమీద, ఇబ్రహీంపట్నమునకు ముందు మన్నెగూడ తగులును. ఆ దారినే ఇంకను దక్షిణముగా సాగినచో దేవరకొండ ప్రాంతపు తండాలు వచ్చును. 1999లోను, మరల 2001లోను ఆ తండాల పసికందులను, అందు ముఖ్యముగా ఆడపిల్లలను, కొద్దిపాటి సొమ్ము చేతిలో పెట్టి తెచ్చి, దత్తతపేరిట విదేశాలకు పంపుచున్నారన్న వార్త రాష్ట్రమంతటను కలవరము కలిగించినది. అంతకుముందే సముద్రాలు దాటిన బిడ్డలు నేడు పెరిగి పెద్దవారైనారు. పెంచినవారి ప్రేమకు లోటు లేకున్నను, "నన్ను కన్నతల్లి ఎవరు?" అన్న ప్రశ్న కొందరిని విడువదు. ఈ ప్రశ్నకు డి.ఎన్.ఏ. పరీక్ష ఎంతవరకు బదులీయగలదో విచారింతము.

మనిషి వారసత్వములో సగము తల్లినుండి, సగము తండ్రినుండి వచ్చును. తోబుట్టువులకు ఇంచుమించు సగము పాలు సమానముగా ఉండును. మేనమామకు, మేనకోడలికి నాలుగవ వంతు. అన్నదమ్ముల బిడ్డల మధ్య ఎనిమిదవ వంతు. దూరము పెరిగినకొలది పాలు తగ్గును. ఇంగ్లండులో 1984లో అలెక్ జెఫ్రీస్ ఈ గుర్తులను చదువు పద్ధతిని కనుగొనెను. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి. సంస్థలో లాల్జీసింగ్ బృందము ఆ విద్యను స్వయముగా సాధించి, భారత న్యాయస్థానాలకు అందించినది.

అయితే శ్రోతలారా, ఇక్కడ ఒక భేదము గమనింపవలెను. "ఈమె నా తల్లియేనా?" అని ఇద్దరిని ఎదుట నిలిపి అడిగినచో పరీక్ష నిశ్చయముగా చెప్పగలదు. "నా తల్లి ఎక్కడ?" అని అడిగినచో, అవతలివైపు బంధువు ఎవరైనను తన నమూనాను ముందే ఇచ్చి ఉన్నగాని అది నోరు విప్పదు. పాశ్చాత్య దేశాలలోని వ్యాపార సంస్థలవద్ద కోట్లాది జనుల నమూనాలున్నవి. వారిలో అధికులు ఐరోపా సంతతివారు. కూలి చేసుకొని బ్రతుకు తండాతల్లి తన లాలాజలమును సీసాలో పోసి అచటికి ఎందుకు పంపును? కాబట్టి ఫలితము శూన్యముగా వచ్చినంతమాత్రాన బంధువులు లేరని కాదు. వారు ఆ పట్టికలో లేరని మాత్రమే అర్థము.

మరియొక చిక్కు మన ఆచారమునుండియే వచ్చును. మనలో మేనరికాలు, అక్కకూతురిని పెండ్లాడుట తరతరాలుగా ఉన్నవి. ఒకే పూర్వికుని అంశ అనేక మార్గాల వచ్చి ఒక్కనియందే చేరును. అందుచేత లెక్కనుబట్టి దగ్గరి చుట్టముగా తోచినవాడు నిజమునకు ఎన్నో తరాల దూరమువాడు కావచ్చును. పాశ్చాత్య కుటుంబాలకు కట్టిన కొలత మన ఇండ్లకు సరిగా ఒదుగదు. ఏ ఊరివారు, ఏ ఇంటిపేరువారు, ఎవరు ఎవరికి ఏ వరుస అన్న జ్ఞాపకము తోడైనగాని అంకెలకు అర్థము రాదు.

చట్టము ఒక దారి చూపినది. 2022 నాటి దత్తత నిబంధనల ప్రకారము పదునెనిమిదేండ్లు నిండిన దత్తసంతానము తన మూలములను తెలుసుకొనుటకు దరఖాస్తు చేసుకొనవచ్చును, సంస్థలు తోడ్పడవలెను. కాని ఆ హక్కు కన్నవారి గోప్యతకు భంగము కలిగింపరాదని ఆ నిబంధనలే చెప్పుచున్నవి. ఇది పొడిమాట కాదు. బిడ్డను వదలుకొన్న తల్లి ఆ సంగతిని భర్తకు గాని, తరువాత పుట్టిన పిల్లలకు గాని చెప్పి ఉండకపోవచ్చును. ఇరువది యేండ్లు దిగమ్రింగిన దుఃఖమును ఒక ఉత్తరము ఒక్కనాటిలో వాకిట పరచగలదు. అందుచేత వెదకువారు ముందు ఒక మధ్యవర్తిద్వారా మెల్లగా విచారించి, ఆమె సమ్మతిని పొందిన పిదపనే పరీక్షకు పోవుట మేలు.

ఇక మనవంతు. ఆనాటి సంగతులు ఎరిగిన మంత్రసానులు, అవ్వలు వృద్ధులగుచున్నారు. ఏ ఏట, ఏ కాన్పులో పుట్టిన బిడ్డ, ఎవరిచేతిమీదుగా పోయినదో వారికి తెలియును. కన్నతల్లి కోరినచో ఆ వివరములు వ్రాసి భద్రపరచుట ఇంటి చదువరులకు కష్టము కాదు. ఏనాడైనను దూరదేశపు యువతి ఒకతె మీ ఊరు అడుగుచు వచ్చినచో, ఆస్తికై వచ్చినదని అనుమానింపక కూర్చుండబెట్టి వినుడు. కాని ఊరంతయు చాటకుడు. రక్తము సంబంధమును రుజువు చేయగలదు. ఆ సంబంధమును తిరిగి కలుపుకొనుటయా, మానుటయా అన్నది ఆ ఇద్దరును నిర్ణయించుకొనవలసిన విషయము.