యుద్ధపు బొమ్మలు: ఏరుకోవడం, కలుపుకోవడం

(జగిత్యాలలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతసేపు డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి వేడిగా మాట్లాడుకున్నాం. భోజనాలకు ముందు కాస్త చల్లబడాలని కాబోలు, కార్యదర్శి గారు నన్ను బొమ్మల మీద మాట్లాడమన్నారు. "ఈ వయసులో బొమ్మలాటలేమిటి?" అని వెనుక వరుసలో ఎవరో అననే అన్నారు. అయ్యా, ఇంగ్లీషు రచయిత హెచ్.జి. వెల్స్ నడివయసులో, 1913లో, బొమ్మ సిపాయిలతో నేల మీద యుద్ధమాడే పద్ధతి గురించి 'లిటిల్ వార్స్' అని పుస్తకమే రాశాడు. ఆయనకు లేని సిగ్గు మనకెందుకు?

అంతకన్నా ముఖ్యం, ఇది మనకు కొత్త విద్య కాదు. మన పల్లెల్లో మందహెచ్చులవారు గొల్లవారికి కాటమరాజు కథ చెప్పేవారు. వట్టి నోటితో కాదు, బొమ్మలతో. పాత్ర వచ్చినప్పుడల్లా ఆ బొమ్మను తీసి ముందు పెట్టడం, డోలు వాయించడం, కథ సాగించడం. ఆ బొమ్మలను చేసేది నకాషీవారు, చేర్యాల పటాలు వేసేవారే. తేలికైన పొణికి కర్ర మీద రంపపుపొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద పట్టించి, ఆరబెట్టి, రంగులు దిద్దుతారు. పెద్ద కళ్లు, నిటారు నిలకడ. దీపం వెలుగులో దూరాన కూర్చున్నవాడికి కూడా ఎవరు ఎవరో తెలియాలి కదా.

కథ మీకు తెలిసిందే. కరువు వచ్చి కాటమరాజు మందలను తోలుకొని నెల్లూరు సీమకు పోయాడు. పచ్చిక మేపినందుకు పుల్లరి కింద కోడెదూడలు ఇచ్చేటట్టు నల్లసిద్ధితో ఒప్పందం. ఆ పుల్లరి దగ్గరే తగవు వచ్చి ఎర్రగడ్డపాటి యుద్ధం దాకా పోయింది. రెవెన్యూ శాఖలో పనిచేసిన మిత్రులు ఇక్కడ చాలామంది ఉన్నారు. శిస్తు వసూలు మీద పుట్టిన ఇంత పెద్ద వీరగాథ మరొకటి ఉందేమో వారే చెప్పాలి. తంగిరాల వెంకట సుబ్బారావు గారు ఈ కథలను సేకరించి అచ్చువేయించారు కనుక, చెప్పేవారు తగ్గినా పాఠం మనకు మిగిలింది.

రెండేళ్లుగా నేను ఈ యుద్ధాన్ని ఒక బల్ల మీద నిలబెట్టే పనిలో ఉన్నాను. మందహెచ్చులవారి పూర్తి జత దొరకదు. దొరికినా కొనకూడదని నా ఉద్దేశం. ఎందుకంటే ఆ పెట్టె వారికి బతుకుదెరువు. అందులోంచి అందంగా ఉందని ఒక్క బొమ్మను కొని షోకేసులో పెట్టుకుంటే, ఆ రాత్రి నుండి కథలో ఒక మనిషి తక్కువ. కనుక కొత్తగా చేసిన బొమ్మలనే, నాలుగు చోట్లవి తెచ్చి కలపాలి. అసలు చిక్కంతా ఆ కలపడంలోనే ఉంది.

ఒక్కో ఊరి బొమ్మ ఒక్కో తీరు. నిర్మల్ బొమ్మకు మెరుపెక్కువ. చేర్యాల బొమ్మకు రంగు గాఢం, మెరుపు తక్కువ. ఏటికొప్పాకది అంకుడు కర్రను తిప్పి లక్క పట్టించిన గుండ్రని పని, కాళ్లూ చేతులూ విడివిడిగా ఉండే వీరుడికి పనికిరాదు. కొండపల్లి అంబారీ ఏనుగు చూస్తే ఎవరికైనా తీసుకోవాలనిపిస్తుంది. కానీ కాటమరాజు పక్షాన అంబారీ ఏమిటండీ? ఆయన సైన్యం పశువుల కాపరులు. ఏనుగుకు పెట్టే డబ్బుతో ఆవులు కొనాలి. మంద లేకపోతే యుద్ధమే లేదు.

ఇక్కడ నాకు అమెరికాలో ఉన్న మనవడి ఆట బాగా అక్కరకొచ్చింది. వాడు మధ్యయుగపు స్పెయిన్ సైన్యాన్ని సమకూర్చుకుంటున్నాడు. అంగుళం ఎత్తు లోహపు బొమ్మలు, రంగు మనమే వేసుకోవాలి. 1990లో వచ్చిన 'డి బెల్లిస్ ఆంటిక్విటాటిస్' అనే నియమావళిలో సైన్యమంటే పన్నెండు పీటలే. ఒక్కో పీట మీద ఇద్దరో, ముగ్గురో, నలుగురో నిలబడతారు. పన్నెండు పీటలే కదా అని నేనూ తేలికగానే అనుకున్నాను. తయారీదారులు మాత్రం పదుల సంఖ్యలో ఉన్నారు, ఒకరి కొలత ఒకరికి సరిపోదు. ఇరవై అయిదు మిల్లీమీటర్లని పేరు పెట్టిన బొమ్మలు ఏళ్లు గడిచేకొద్దీ పెరిగి ఇరవై ఎనిమిదికి వచ్చాయి. ధరలే కాదు, సిపాయిలు కూడా పెరుగుతారన్నమాట!

అందుకు ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయాలు చాలా సాదావి. ఎత్తును తల పైవరకు కొలవరు, అరికాలి నుండి కంటివరకు కొలుస్తారు. టోపీ, తలపాగా మోసం చేస్తాయి కానీ కన్ను చేయదు. ఎత్తులో కాస్త తేడా ఉన్నా ఫరవాలేదు, మనుషుల్లో పొట్టీ పొడుగూ లేరా? తల పరిమాణం, చేతి మందం, గుర్రం పొట్ట తేడాగా ఉంటే మాత్రం ఇట్టే పట్టుబడుతుంది. కనుక ఇద్దరు తయారీదారుల బొమ్మలను ఒకే పీట మీద పెట్టరు. పక్క పక్క పీటల మీద పెట్టి, అన్నిటికీ ఒకటే మట్టి రంగు, ఒకటే గడ్డి, ఒకటే వార్నిష్ వేస్తారు. కన్ను ముందు నేలను చూసి, అందరూ ఒక ఊరివారే అనుకుంటుంది. నేను నా నిర్మల్ బొమ్మలకు మెరుపు చంపే వార్నిష్ పూసి, చేర్యాల బొమ్మల పక్కన నిలబెట్టాను. మొన్న చూసినవారెవరూ వేరు వేరు ఊర్లవని గుర్తుపట్టలేదు.

రెండో చిక్కు కాలానిది. పదిహేనో శతాబ్దపు నిలువెల్లా ఇనుప కవచం తొడిగిన వీరుడు మహా అందగాడు. పదకొండో శతాబ్దపు ఎల్ సిద్ సైన్యంలో మాత్రం వాడికి చోటు లేదు. అప్పటివారివి ముక్కు మీదికి పట్టీ దిగిన శంకువు టోపీలు, గొలుసు కవచాలు. అలాగే మన జగిత్యాల కోట ఎంత దగ్గరిదైనా, నక్షత్రం ఆకారంలో ఎంత ముచ్చటగా ఉన్నా, కాటమరాజు వెనుక దాని నమూనా పెట్టకూడదు. అది 1747 నాటిది, ఫిరంగుల కాలపు కోట. యుద్ధం జరిగింది పదమూడో శతాబ్దంలో.

ఇక అన్నిటికన్నా పెద్ద చిక్కు. మనవడు ఫోనులో అడిగాడు: "తాతా, ముస్లిం గుర్రపువాళ్లు ఎక్కువైపోయారు. ఏ పక్షాన పెట్టాలి?"

"రెండు పక్షాలా పెట్టు బిడ్డా" అన్నాను. వాడు నమ్మలేదు. ఎల్ సిద్ అనే రొద్రిగో దియాస్ క్రైస్తవ వీరుడే. 1081లో తన రాజు వెళ్లగొడితే సరగోసా ముస్లిం రాజు కొలువులో చేరి ఆయన తరఫున యుద్ధాలు చేశాడు. 1094లో వలెన్సియాను తనకోసం పట్టుకొని, 1099లో అక్కడే పోయాడు. 'సిద్' అన్న బిరుదు అరబ్బీ మాట, మనం రోజూ వినే 'సయ్యద్'కు చుట్టమే. ఈ మాట నేను జగిత్యాలలో, కోరుట్లలో చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. మన ఇబ్రహీం కుతుబ్ షా అన్నకు భయపడి విజయనగరంలో అళియ రామరాయల దగ్గర తలదాచుకొని, 1550లో గోలకొండ గద్దె ఎక్కి, తెలుగు కవుల నోట మల్కిభరాముడయ్యాడు కదా. అదే రామరాయలతో 1565లో యుద్ధం కూడా చేశాడు. బొమ్మల పెట్టెలో పచ్చ జెండాలన్నీ ఒక అరలో, మిగతావన్నీ ఒక అరలో సర్దేవాడు చరిత్ర తెలియనివాడు. స్పెయిన్ ఆటగాళ్లు ఒకే గుర్రపుదళాన్ని, డాలూ జెండా మార్చి, ఇటూ అటూ వాడుకుంటారు. అది పొదుపు మాత్రమే కాదు, నిజం కూడా.

మన సైన్యంలోనూ ఈ పరీక్ష ఉంది. కాటమరాజు వచ్చాడు, ఎదుటి పక్షాన ఖడ్గ తిక్కన వచ్చాడు. వెనుదిరిగి వచ్చినందుకు భార్య స్నానానికి మంచం అడ్డం పెట్టి పసుపుముద్ద ఉంచితే, తిరిగి రణానికి పోయి ప్రాణం ఇచ్చినవాడు ఆయన. గంగమ్మ వచ్చింది, ఆవులు వచ్చాయి. మరి బీరినీడు? కాటమరాజు పక్షాన పోరాడిన మాదిగ వీరుడు. నేను అడిగిన చోట ఆయన బొమ్మ సిద్ధంగా లేదు, అడిగేవారు లేరన్నారు. పల్నాటి యుద్ధానికి బొమ్మలు పేర్చేవారు కూడా బ్రహ్మనాయుడిని, బాలచంద్రుడిని తెస్తారు. బ్రహ్మనాయుడు సేనాపతిని చేసిన మాల కన్నమదాసును మాత్రం మరిచిపోతారు. మిగిలిన బొమ్మల్లో ఒకదానికి బీరినీడు పేరు అంటించి సరిపెట్టండి అని ఒక మిత్రుడు సలహా ఇచ్చారు. నాకు మనసొప్పలేదు. బేరం ఆడకుండా ఆ ఒక్క బొమ్మనూ వేరుగా చేయించడానికి అడ్వాన్సు ఇచ్చాను. దానికోసమే నా బల్ల మీద ముందు వరుసలో ఒక పీట ఖాళీగా ఉంచాను. చూసినవారు అడుగుతున్నారు, నేను కథ చెబుతున్నాను. ఖాళీ పీట కూడా పనిచేస్తుందని అప్పుడే తెలిసింది.

జెండాల సంగతి సిరిసిల్ల మిత్రులకు మనవి. పాలిస్టర్ ముక్కలు నిగనిగలాడతాయి, చిన్న జెండాకు మడత నిలవదు. సన్నని నూలు బట్ట ముక్కలు ఉంటే దాచి ఉంచండి. గంజిలో ముంచి, పుల్లకు చుట్టి, వేలితో అలలు తీస్తే ఆరాక గాలికి ఎగిరినట్టే ఉంటుంది. కోరుట్లవారు ఒకప్పుడు చేతికాగితానికి పేరుపడ్డవారు. ఎవరి ఇంట్లోనైనా ఆ పాత కాగితం ఉంటే దయచేసి గుడారాలకు కత్తిరించకండి, బీరువాలో భద్రపరచండి. గుడారాలకు మన పాత సర్క్యులర్లు చాలు, వాటికి కొదవ లేదు.

చివరగా ఒక జాగ్రత్త. పాత లోహపు బొమ్మల్లో సీసం ఉంటుంది. చిన్నపిల్లల నోటికి అందనీయకండి, రంగు వేశాక చేతులు సబ్బుతో కడుక్కొనే భోజనానికి కూర్చోండి. పొణికి కర్రకు తేమ పనికిరాదు. వానాకాలంలో పాత నూలు ధోవతిలో చుట్టి, పెట్టెలో వేపాకు వేసి, అటక మీద కాకుండా గదిలో ఎత్తైన చోట ఉంచండి.

భోజనాల గంట కొట్టేశారు. బల్ల మా ఇంట్లోనే ఉంది, సాయంత్రం అయిదు తరువాత ఎవరైనా రావచ్చు. మనవలను వెంటబెట్టుకొని రండి.