బొగ్గుపులుసు వాయువు – సముద్రపు వేడిమి

మా పామూరునకు పడమట వెలిగొండలు, ఉత్తరమున మార్కాపురపు పలకల గనులు కలవు. ఆ పలకరాయి నూరుకోట్లకు పైబడిన యేండ్లకు పూర్వము సముద్రగర్భమున పేరుకొనిన బురదయే. దానిపై అక్షరములు దిద్దిన మనకు సముద్రము పరాయిది కాదు.

సముద్రమునకును గాలిలోని బొగ్గుపులుసు వాయువునకును గల సంబంధము మిక్కిలి ప్రాచీనమైనది. సోడాబుడ్డి వెచ్చబడిన కొలది అందలి వాయువు పొంగిపోవును. చల్లని నీట అణగియుండును. సముద్రపు నడవడియు ఇట్టిదే.

అంటార్కిటికాలో మూడు కిలోమీటర్లకు పైగా తొలిచి తీసిన మంచులో పూర్వపు గాలి బుడగలుగా చిక్కియున్నది. దానిని పరీక్షించి, 2008 నాటికి ఎనిమిది లక్షల యేండ్ల చరిత్రను శాస్త్రజ్ఞులు తెలిసికొనిరి. హిమయుగములందు పదిలక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 180 పాళ్లు. వెచ్చని యుగములందు సైతము అది సుమారు 300 పాళ్లను మించలేదు.

పూర్వము వేడిమి ముందును, వాయువు వెనుకను వచ్చినవి గదా, నేటి వేడిమికి వాయువును తప్పుపట్టుట యెట్లని కొందరడుగుదురు. ప్రశ్న సబబైనదే. హిమయుగాంతమున తొలి కదలిక భూకక్ష్యలోని స్వల్పమైన మార్పు. అందువలన సముద్రము కొంత వెచ్చబడి, లోతుల ప్రవాహములు మారి, వాయువు వెలువడెను. ఆ వాయువు కంబళివలె వేడిని నిలిపి సముద్రమును మరింత వెచ్చజేసెను. చెట్టును విత్తును వలె రెండును ఒకదానికొకటి కారణమైనవి.

నేటి వాయువు సముద్రమిచ్చినది కాదు. నేలలో యుగములుగా దాగిన బొగ్గు కాలిన పొగ గాలిలో కలియుచున్నదని 1955లో హాన్స్ స్యూస్ చెట్ల కలపను పరీక్షించి చూపెను. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి దీవిలో కొలత మొదలిడినపుడు 315 పాళ్లున్న వాయువు 2023 నాటికి 420 దాటినది. మనము వెలువరించుదానిలో సుమారు నాల్గవవంతును సముద్రమే మ్రింగుచున్నది. భూమిపై హెచ్చిన వేడిలో నూటికి 90 పాళ్లకు పైగా అందులోనికే పోవుచున్నది. వెచ్చబడిన కొలది వాయువును మ్రింగు శక్తి తగ్గును.

ఇది మనకు దూరపు వార్త కాదు. పామూరు సీమ మెట్టపైరు ఈశాన్య ఋతుపవనమునకై బంగాళాఖాతము వైపు చూచును. వెచ్చని సముద్రముపై గాలి హెచ్చు తేమను మోయును. కురిసినపుడు ఒక్కపెట్టున కురియును. బొగ్గు మంటను తగ్గించుట లోకమంతటి పని. చెరువు కట్టను, అలుగును ముందుగనే చక్కబరచుకొనుట మాత్రము మన ఊరి పనియే.