ఆరోగ్య పరిశోధకులకు శిక్షణము - మన కర్తవ్యము

(సంఘ వార్షిక మహాసభ యందు గావించిన యుపన్యాసము)

  

విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని సంఘ కార్యదర్శులు మమ్ము కోరిరి. మేము వైద్యులము కాము. ప్రయోగశాల గడప త్రొక్కినవారమును కాము. సంస్కృతము చదివి, అడవి యంచు పాఠశాలలలో చిరకాలము పాఠములు చెప్పి, విశ్రాంతి గొన్న బడిపంతులము. అట్టి మాకు వైద్య పరిశోధకుల శిక్షణమును గూర్చి ముచ్చటించు నధికార మెక్కడిదని మీరడుగవచ్చును. ఒక్కటే యధికారము కలదు. ఈ ప్రాంతమున పరిశోధనల కాగితముల మీద సంతకము చేసిన చేతులలో బడిపంతులు చేయి యొకటి. ఆ సంతకమును గూర్చి చెప్పుటకే మేమీ వేదిక నెక్కితిమి.

మన సంఘము వసతి గృహములను గూర్చియు, విద్యార్థి వేతనములను గూర్చియు తీర్మానములు చేయుచు వచ్చినది. వాని ఫలము నేడు కన్నుల పండువుగా నున్నది. మన బిడ్డలు వైద్యులైరి, నర్సులైరి, ఔషధశాస్త్రము చదివిరి. ఖమ్మమున 1998 నుండి మమతా వైద్యకళాశాల యున్నది. కొత్తగూడెమున 2022లోను, ఖమ్మమున 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వైద్యమున పై చదువు చదువువారు పరిశోధన చేసి గ్రంథము వ్రాయవలయునని నియమము. ఇక మన పిల్లలు పరిశోధనకై యెచ్చటికి పోవుదురు? దుమ్ముగూడెము, చర్ల, పినపాక, గుండాల దారులలోని కోయగూడెములకే గదా! మలేరియా యచ్చట గలదు. కొడవలి కణ వ్యాధి యను నెత్తుటి జబ్బును గలదు. తల్లిదండ్రు లిరువురును ఆ దోషమును మోయువారైనచో, ప్రతి కాన్పునందును బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట నొక పాలు అవకాశము. దానిని నిర్మూలింపవలెనని భారత ప్రభుత్వము 2023 జూలై 1వ తేదీన దేశవ్యాప్త కార్యక్రమము నారంభించినది. కావున సూదులును, కాగితములును ఆ గూడెములకు పోక తప్పదు. ఆ సూది పట్టు చేతికి ఎట్టి శిక్షణము కావలయునన్నదే ప్రశ్నము.

ముందుగా మన జిల్లాలోనే జరిగిన యొక కథను స్మరింపవలయును. 2009 జూలైలో నాటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, పది మొదలు పదునాలుగేండ్ల వయస్సు గల సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకా వేయ నారంభించిరి. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు, నాటి రాష్ట్ర ప్రభుత్వమును గలిసి నడపిన కార్య మది. టీకా వేసికొన్న బాలికలలో కొందరు మరణించిరి. దేశమున గగ్గోలు పుట్టెను. 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిపివేయబడెను. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణ సంఘము తేల్చినది. ఇది సత్యము, దీనిని దాచరాదు. ఆ టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసినది. అనేక దేశములలో బాలికలకు వేయబడుచు స్త్రీల ప్రాణములను కాపాడుచున్నది. ఇదియు సత్యమే.

అయినచో దోష మెచ్చట? కాగితములలో. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘము సమర్పించిన నివేదికను చూడుడు. ఆంధ్రప్రదేశమున పరిశీలింపబడిన అంగీకార పత్రములు 9,543. వానిలో 1,948 వ్రేలిముద్రలు గలవి. 2,763 పత్రములపై సంతకము చేసినవారు తల్లులు కారు, తండ్రులు కారు, వసతి గృహముల వార్డెన్లు. కన్నవారు గూడెమున నుండగా బిడ్డ ఆశ్రమ పాఠశాలలో టీకా వేసికొన్నది. టీకా మంచిదే కావచ్చును. అడుగక చేసిన మేలు అనుమానమునకు విత్తనమైనది. మంచి మందు చెడ్డపేరు మోసినది. సమ్మతి పత్రమును చిన్నచూపు చూచినవారు బాలికలకే కాదు, శాస్త్రమునకును అపకారము చేసిరి.

ఆ మూడు మండలములలో నాడు మేము పనిచేయుట లేదు. కాని మేము నిర్దోషులమని చెప్పుకొనజాలము. మరియొక తావున, మరియొక యేట, రక్తపరీక్షలకై యెవరో మా బడికి వచ్చిరి. కాగితముల కట్ట మా బల్ల మీద పెట్టి, "పంతులుగారూ, మీరు పెడితే చాలు" ననిరి. మధ్యాహ్న భోజనపు గంట కొట్టులోపల కట్ట యంతయు ముగించితిమి. ఒక్క కాగితమైనను చదువలేదు. వరుసలో నిలిచిన యొక కోయ బాలిక, "మా నెత్తురు ఎందుకు సార్?" అని యడిగినది. "మీ మంచికేనమ్మా" అంటిమి. కొన్ని దినములకు ఆ బాలిక తండ్రి సంతకు వచ్చి, బడి యరుగు మీద గూర్చుండి, "పిల్ల నెత్తుటిలో ఏమి తేలింది సార్?" అని యడిగెను. మాకు తెలియదు. ఫలితములు బడికి రానేలేదు. అతడు కోపగింపలేదు. తలయూపి లేచి పోయెను. కోపగించినచో మాకింత బాధ యుండెడిది కాదు. శబ్దమంజరి మొదలు సిద్ధాంతకౌముది వరకు చదివిన మేము, పదునొకండేండ్ల పిల్ల యడిగిన మూడు మాటల ప్రశ్నమునకు అర్థము చెప్పలేకపోతిమి.

సోదరులారా! శిక్షణ మన్నది క్రొత్తమాట కాదు. సుశ్రుతుడు శస్త్రవిద్యార్థికి 'యోగ్య' యను అభ్యాసమును విధించెను. గుమ్మడి, సొర మున్నగు కాయల మీద కోయుట నేర్వవలెను. దళసరి బట్ట మీద కుట్టుట నేర్వవలెను. పిమ్మటనే మనుష్యుని మీద చేయి వేయవలెను. నేడు మనము వర్క్‌షాపు అనునది ఆ యోగ్యయే. చరకుడు వైద్యులు తమలో తాము చేయవలసిన చర్చను 'తద్విద్యసంభాష' యనెను. అందు స్నేహముతో గూడినది సంధాయసంభాష, జయాపేక్షతో గూడినది విగృహ్యసంభాష. నేడు దూరదేశముల వారు అంతర్జాలమున గూడి చేయు వెబినారు ఆ సంభాషకే నూతన రూపము. ఆ చరకుడే మేకలు కాయువారును, గోవులు కాయువారును, వనచరులును ఓషధులను పేరున, రూపమున నెరుగుదురని చెప్పియున్నాడు. అనగా అడవివాడు వైద్యునికి తెలిసినవానిని చెప్పువాడు గూడ. సూది గ్రుచ్చించుకొనుటకు మాత్రమే పుట్టినవాడు కాడు.

ఇప్పుడీ శిక్షణ మెట్లు జరుగుచున్నదో కొంచెము వివరింతుము. చెన్నపురి లోని జాతీయ అంటువ్యాధి శాస్త్ర సంస్థ 2019 నుండి జీవవైద్య పరిశోధనలో ప్రాథమిక పాఠక్రమమును అంతర్జాలమున నడపుచున్నది. వైద్యకళాశాలల అధ్యాపకులును, పై చదువుల విద్యార్థులును దానిని చదువవలెనని నియమించిరి. ప్రశ్నము నెట్లు కూర్చవలెను, ఎందరిని పరీక్షించిన చాలును, లెక్క యెట్లు కట్టవలెను, ఇతరుల వ్రాతను తనదిగా చెప్పుకొనకుండుట యెట్లు - ఇవి యందలి విషయములు. ఇట్టి పాఠములు పూర్వము మహానగరముల వారికే దక్కెడివి. నేడు చర్లలో గూర్చున్న నర్సు చెన్నపురి పాఠమును వినవచ్చును. ఇది గొప్ప లాభము. ఐనను లోపమును చెప్పవలయును. వినుట వేరు, నేర్చుట వేరు. ఫోను నొకమూల పెట్టి, వంట చేసికొనుచు, కడపట సర్టిఫికెట్టు పుచ్చుకొన్నవాడు సొరకాయనైన కోయలేదు. పాఠము వెబినారున వినవలెను. చేయి వర్క్‌షాపున తిరుగవలెను.

నియమములు లేకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధమున జరిగిన ఘోరముల పిమ్మట 1947లో న్యూరెంబర్గు నియమావళి పుట్టెను. 1964లో హెల్సింకి ప్రకటన వెలువడెను. 2024లో ఆ ప్రకటనను సవరించినప్పుడు ఒక పదమును మార్చిరి. పూర్వము పరీక్షింపబడు మనుష్యుని ప్రయోగమునకు లోబడినవాడను అర్థము గల మాటతో పిలిచిరి. ఇప్పుడు భాగస్వామి యనుచున్నారు. మేము వ్యాకరణము చెప్పినవారము గనుక ఈ మార్పును మెచ్చుకొందుము. లోబడినవానికి ఆజ్ఞ చాలును. భాగస్వామి యన పంటలో పాలు గలవాడు, వానికి లెక్క చెప్పవలయును.

మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 2017లో జాతీయ నైతిక మార్గదర్శకములను ప్రకటించినది. అందు మన ప్రాంతమునకు ముఖ్యమైనవి కొన్ని కలవు. గిరిజనులలో పరిశోధన వారికి మేలు కలిగించు చికిత్స, రోగనిర్ణయము, నివారణలకు సంబంధించినదే కావలయును. అధికారుల యనుమతియు, ఊరి పెద్దల యనుమతియు పొందవలయును. అంతమాత్రమున ప్రతి వ్యక్తిని వేరువేరుగ నడుగుట తప్పదు. స్థానిక భాష తెలిసినవారిచే చెప్పింపవలయును. చదువురానివారి యెడ నిష్పక్షపాతియైన సాక్షి మొదటి నుండి తుది వరకు దగ్గర నుండవలయును. ఏడేండ్లు దాటిన పిల్లలను గూడ నడుగవలయును: పండ్రెండేండ్లలోపు వారు నోటిమాటతో నొప్పుకొన్న చాలును, ఆ పైవారు వ్రాసి యీయవలయును. ఇష్టము లేనిచో ఎప్పుడైనను మానుకొను హక్కు వారిది. ఈ లెక్కన ఆనాటి మా బడి బాలిక ప్రశ్నించుట చొరవ కాదు. అది యామె హక్కు.

ఇక మన సంఘమునకు దీనితో పని యేమందురా? మనలో పెక్కురు అడవి యంచున సేద్యము, వర్తకము, ఉద్యోగము చేయుచున్నారు. కోయలు మన పొలములలో పనిచేయుదురు, మన అంగళ్ళలో అప్పు పెట్టుదురు, వారి బిడ్డలు మన బడులలో చదువుదురు. మన మాటకు వారు తలయూపుదురు. ఆ తలయూపు అన్నివేళల ఒప్పుకోలు కాదు. అప్పున్నవాడు తలయూపును; భయపడినవాడు తలయూపును; భాష తెలియనివాడును తలయూపును. మన బిడ్డ తెల్లకోటు తొడుగుకొని ఆ గూడెమునకు పోయినప్పుడు మన యంతరమంతయు వాని వెంట పోవును. ఈ సంగతిని చెన్నపురి నుండి చెప్పు పాఠము నేర్పజాలదు. మనమే నేర్పవలయును.

1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమలచే గుట్టించుకొన్న రోగి హుసేను ఖాను. కుట్టిన దోమ యొక్కటికి ఒక అణా చొప్పున వానికి ముట్టినదట. 1902లో రాసుకు నోబెల్ బహుమానము వచ్చెను. హుసేను ఖాను పేరు మన పాఠ్యపుస్తకములలో మేమెన్నడును బోధింపలేదు. మన బిడ్డలు వ్రాయు గ్రంథములందైనను, నెత్తురిచ్చినవారికి కృతజ్ఞతయు, ఫలితమును చేరవలెనని మా కోరిక.

కావున ఈ మహాసభ యెదుట మూడు సూచనలు పెట్టుచున్నాము.

మొదటిది. సంఘ వసతి గృహమున ఏటేట రెండు దినముల వర్క్‌షాపు జరుపవలయును. వైద్యము, నర్సింగు, ఔషధశాస్త్రము చదువు మన పిల్లలు వెబినారు పాఠములను కలిసి విని, పిమ్మట అభ్యాసము చేయవలయును. ప్రతివాడును తన సమ్మతి పత్రమును సులభమైన తెలుగున వ్రాసి, చదువురాని యొక పెద్దమ్మకు వినిపింపవలయును. ఆమె తిరిగి తన మాటలతో చెప్పగలిగినచో పత్రము మంచిది. చెప్పలేనిచో తప్పు పెద్దమ్మది కాదు, పత్రముది.

రెండవది. ఆ వర్క్‌షాపునకు కోయ ఉపాధ్యాయులను, ఆశా కార్యకర్తలను గురువులుగా పిలువవలయును, సంభావన యిచ్చి గౌరవింపవలయును. ఒకరు పత్రమును కోయభాషలోనికి మార్చవలెను; మూలమును చూడని వేరొకరు దానిని మరల తెలుగు చేయవలెను. రెండు తెలుగులును కలిసినచో భాషాంతరము సరియైనది.

మూడవది. నైతిక సంఘములలో వైద్యులే కాక సామాన్యులును సభ్యులుగా నుండవలెనని నియమము కలదు. మనలోని విశ్రాంత ఉపాధ్యాయులు, న్యాయవాదులు ఆ శిక్షణము పొంది అట్టి స్థానములకు సిద్ధపడవలయును. "ఎందుకు?" అని యడుగుటకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. పదునొకండేండ్ల పిల్ల యడిగినది గదా!

ఇందులకు వ్యయ మధికము కాదు. మహాసభ పందిళ్ళకును, పూలదండలకును మన మిచ్చు దానిలో కొంత చాలును. మా విశ్రాంతి వేతనము నుండి మొదటి వర్క్‌షాపు భోజన వ్యయమును మేము భరింపగలము. అది దానము కాదు, పాతబాకీ.

మహాజనులారా! భద్రాచల రాముని నీడలో, గోదావరి యొడ్డున నున్నాము మనము. మన బిడ్డలు కీర్తిమంతులగు పరిశోధకులు కావలెను. గూడెమునకు మరల పోయినప్పుడు ఆ బాలిక యడిగిన దానికి, ఆమె తండ్రి యడిగిన దానికి, కూర్చుండి జవాబు చెప్పగలవారు కావలెను. 

సర్వేషాం శుభం భూయాత్.