దూరపు గురికి దుర్భిణి – అందుబాటు ధరలో ఎంపిక

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం వేరు. రైఫిల్ మీద బిగించే దుర్భిణిని, అంటే స్కోపును, తక్కువ ఖర్చులో ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాకు తుపాకి దుర్భిణితో ఏమి పని అని మీకు సందేహం రావచ్చు. మనలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. మనవలు అక్కడే పుట్టి, అక్కడి ఆటలే నేర్చుకుంటున్నారు. "తాతయ్యా, స్కోపు కొనుక్కోవాలి" అని ఫోను వస్తే మనం రెండు రకాలుగా స్పందిస్తాము. తుపాకి అనే మాటకే భయపడి కేకలు వేస్తాము, లేదా ఏమీ అడగకుండా డబ్బు పంపుతాము. ఈ రెండూ అక్కరలేదని చెప్పడానికే నిలబడ్డాను.

ముందుగా ఆట గురించి రెండు మాటలు. అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశాలలో కాగితపు గురి మీద చాలా దూరం నుండి కాల్చే పోటీలు జరుగుతాయి. ఒహాయో రాష్ట్రంలో క్యాంప్ పెర్రీ అనే చోట 1907 నుండి జాతీయ పోటీలు జరుగుతున్నాయి. ఈ ఆటలో ఎఫ్-క్లాస్ అనే విభాగం ఉంది. కెనడాకు చెందిన జార్జ్ ఫార్కర్సన్ అనే పెద్దాయన వయసు మీదపడి చూపు, చేతి పట్టు తగ్గినవారు కూడా ఆటలో కొనసాగాలని దుర్భిణికి, ఆనుకునే స్టాండుకు అనుమతినిస్తూ దీనిని మొదలుపెట్టారు. ఆయన పేరులోని మొదటి అక్షరమే ఆ 'ఎఫ్'. మన ఈడువారి కోసం పుట్టిన ఆట అన్నమాట! ఇప్పుడు కుర్రవాళ్ళు కూడా ఆడుతున్నారు.

600 గజాల పోటీలో పది మార్కుల వలయం అడ్డకొలత ఆరు అంగుళాలు. మన టిఫిను ప్లేటు కంటే చిన్నది. దానిని అర కిలోమీటరు పైగా దూరం నుండి కొట్టాలి. ఇక్కడే దుర్భిణి అవసరం వస్తుంది.

ఒహాయోలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు మా మనవడికి ఈ సమస్య వచ్చింది. కాలేజీ లైబ్రరీలో సాయంత్రాలు పనిచేసి తొమ్మిది వందల డాలర్లు కూడబెట్టాడు. దుకాణంవారు పద్ధెనిమిది వందల డాలర్ల స్కోపు చూపించి, మిగతాది కార్డు మీద వాయిదాలలో కట్టుకోవచ్చన్నారు. వాడికి ఆశ పుట్టింది, మా అమ్మాయికి కోపం వచ్చింది. ఇంట్లో రెండు రోజులు మాటలు లేవు. నేను వాడిని కూర్చోబెట్టి, "ముందు కంపారెటివ్ స్టేట్‌మెంటు వేద్దాం రా నాన్నా" అన్నాను.

మనకు తెలిసినదే. టెండర్లలో తక్కువ ధర వేసినవాడికల్లా పని ఇవ్వరు. స్పెసిఫికేషనుకు సరిపోయినవారిలో తక్కువ ధరవాడికి ఇస్తారు. కాబట్టి ముందు స్పెసిఫికేషను రాయాలి. మేము రాసుకున్నవి ఇవి.

మొదటిది, పెద్దది చేసి చూపే శక్తి. 6-24x50 అని రాసి ఉంటే, ఆరు రెట్ల నుండి ఇరవైనాలుగు రెట్ల వరకు చూపుతుందని, ముందు అద్దం 50 మిల్లీమీటర్లని అర్థం. దుకాణదారు ఈ మొదటి అంకెలనే గట్టిగా చెబుతాడు. కాని ఎండ ఎక్కిన తరువాత నేల మీది ఆవిరి అలలు కూడా అన్ని రెట్లూ పెద్దవవుతాయి. అప్పుడు శక్తిని పన్నెండుకో పదిహేనుకో తగ్గించుకుని కాల్చేవారే ఎక్కువ. 600 గజాలకు ఇరవైనాలుగు రెట్లు ధారాళంగా సరిపోతుంది. ఆపైన ప్రతి అంకెకూ చెల్లించే డబ్బు పెద్దగా పనికిరాదు.

ఇక్కడ మనకూ పనికివచ్చే లెక్క ఒకటి ఉంది. ముందు అద్దం కొలతను రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుగు చుక్క కొలత వస్తుంది. 50ని 24తో భాగిస్తే రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. చుక్క చిన్నదైన కొద్దీ బొమ్మ మసకబారుతుంది, కన్ను సరిగ్గా ఒకేచోట ఉంచాలి. పక్షులను చూడడానికి బైనాక్యులర్లు కొనే మిత్రులు కూడా ఈ లెక్క వేసుకోండి. 8x42లో చుక్క అయిదు మిల్లీమీటర్లు దాటుతుంది, 10x25లో రెండున్నరే. సంధ్యవేళ తేడా తెలుస్తుంది.

రెండవది, అన్నిటికంటే ముఖ్యమైనది, క్లిక్కులు. స్కోపు మీద తిప్పే బిళ్ళలుంటాయి. ఒక్కొక్క క్లిక్కుకు గురి కొద్దిగా జరుగుతుంది. దీనికి కొలత 'మినిట్', డిగ్రీలో అరవయ్యో వంతు. సర్వే శాఖలో పనిచేసిన మిత్రులకు ఇది కొత్త కాదు. ఒక మినిట్ 100 గజాల దగ్గర 1.047 అంగుళం, 600 గజాల దగ్గర ఆరుంబావు అంగుళాలు. మామూలుగా క్లిక్కు పావు మినిట్ ఉంటుంది. తూటా దూరం వెళ్ళేకొద్దీ కిందికి దిగుతుంది కదా. 100 గజాలకు సరిచేసిన .308 రైఫిల్ తో 600 గజాలు కొట్టాలంటే సుమారు పదహారు మినిట్లు, 1000 గజాలకు సుమారు నలభై మినిట్లు పైకి తిప్పాలి. అందుచేత మొత్తం ఎంత దూరం తిరుగుతుందో అడగాలి. అందులో సగమే పైకి పనికొస్తుంది. చాలకపోతే ఇరవై మినిట్ల వాలు ఉన్న పట్టీ మీద బిగిస్తారు. ఆ పట్టీ ఖర్చు తక్కువే.

అయితే తిరగడం ఒక్కటే చాలదు. తిప్పినంతే కదలాలి, వెనక్కి తిప్పితే మొదటి చోటికే రావాలి. ఇదే స్కోపు నిజాయితీ. చౌకరకంలో మొదట పోయేదీ ఇదే.

మూడవది, దూరానికి తగినట్లు సర్దుకునే పక్క బిళ్ళ. ఇది లేకపోతే కన్ను కొద్దిగా పక్కకు జరిగితే గురి కూడా జరిగినట్లు కనిపిస్తుంది. చౌకరకాలలో చాలావాటికి దీనిని 100 గజాలకే స్థిరంగా పెట్టి ఉంచుతారు. దూరపు ఆటకు అవి పనికిరావు.

నాలుగవది, గీతలు. శక్తితోపాటు లావయ్యే గీతలు ఒక రకం, ఎప్పుడూ ఒకే సన్నదనంలో ఉండేవి రెండో రకం. దూరం ముందే తెలిసిన కాగితపు గురికి రెండో రకం చాలు.

అయిదవది, గ్యారంటీ. విస్కాన్సిన్ రాష్ట్రపు వోర్టెక్స్ కంపెనీ జీవితకాలపు గ్యారంటీ ఇస్తుంది, అది చేతులు మారినా చెల్లుతుంది. దాని డైమండ్‌బ్యాక్ టాక్టికల్ 6-24x50, అలాగే ఎత్లాన్, ఆర్కెన్ కంపెనీల ఈ తరగతి స్కోపులు మేము చూసినప్పుడు మూడు వందల నుండి అయిదు వందల డాలర్లలోపు దొరికాయి. శక్తి మార్చే సదుపాయం అక్కరలేదనుకుంటే, టెక్సస్ లోని ఎస్.డబ్ల్యు.ఎఫ్.ఎ. వారి పదిరెట్ల స్థిర స్కోపు గట్టిదనానికి పేరుపొందింది.

మా మనవడు నాలుగు వందల డాలర్ల తరగతిలో ఒకటి తీసుకున్నాడు. మిగిలిన అయిదు వందలు మంచి రింగులకు, అడ్డంగా వాలకుండా చూసుకునే రసమట్టానికి, తూటాలకు ఉంచాడు. స్కోపు ఎంత గొప్పదైనా, తూటాలకు డబ్బు లేకపోతే సాధన ఎక్కడిది?

ఇక తనిఖీ. సరుకు అందగానే కొలతల పుస్తకంలో ఎక్కించకుండా బిల్లు పాస్ చేయము కదా. 100 గజాల దగ్గర పొడుగాటి కాగితం కట్టి, తూకపు తాడుతో నిలువు గీత గీశారు. కింద అయిదు దెబ్బలు కొట్టి, ముప్పై మినిట్లు పైకి తిప్పి, మళ్ళీ అదే గురి మీద అయిదు దెబ్బలు. రెండు గుంపుల మధ్య 31.4 అంగుళాలు రావాలి. టేపు పట్టింది నేనే. 31.25 వచ్చింది. ఆ తేడా 600 గజాల దగ్గర అర అంగుళం. పరవాలేదు. క్లబ్బులో ఒకాయన వంద డాలర్ల స్కోపుకు అదే పరీక్ష చేస్తే 28.5 వచ్చింది. 600 గజాల దగ్గర అది తొమ్మిది అంగుళాలు దాటే తేడా! తేడా ఎప్పుడూ ఒకేలా ఉంటే లెక్క సర్దుకోవచ్చు. కాని వెనక్కి తిప్పితే అది మొదటి చోటికీ రాలేదు. అటువంటిది ఎంత చౌక అయినా దండుగే.

మా మనవడు ఆ వేసవిలో పోటీలలో ఏ కప్పూ గెలవలేదు. కాని ఎవరికీ బాకీ పడలేదు. తల్లీ కొడుకులు మళ్ళీ కలిసి భోంచేశారు. నాకు అదే కప్పు.

ముగించే ముందు నాలుగు జాగ్రత్తలు.

1. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం విజిటరు వీసా మీదగాని, హెచ్-1 వంటి తాత్కాలిక వీసా మీదగాని ఉన్నవారు, వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకిని, తూటాలను దగ్గర ఉంచుకోరాదు. నేను టేపు, పెన్సిలు తప్ప ఏమీ ముట్టుకోలేదు. మీరూ అంతే ఉండండి.

2. రైఫిల్ స్కోపును అక్కడి నుండి బయటికి తేవడానికి ఎగుమతి నియంత్రణ నిబంధనలు వర్తిస్తాయి. ఎవరైనా తెమ్మంటే మొహమాటపడి పెట్టెలో పెట్టుకోవద్దు.

3. రైఫిల్ కు బిగించిన స్కోపుతో మనుషులనుగాని ఇళ్ళనుగాని చూడరాదు. స్కోపు వైపు ఎక్కడుంటే తుపాకి గొట్టమూ అక్కడే ఉంటుంది. ఏ దుర్భిణితోనూ సూర్యుడిని చూడరాదు.

4. ఇక్కడ మన పిల్లలు ఒలింపిక్ పద్ధతి రైఫిల్ నేర్చుకుంటుంటే స్కోపు కొననే వద్దు. ఆ పోటీలలో రైఫిల్ మీద దుర్భిణికి అనుమతి లేదు. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండన్ లో కాంస్యం గెలిచింది అద్దాలు లేని సైట్లతోనే.

పిల్లలు ఏదైనా కొనిపెట్టమన్నప్పుడు కాదనకముందు, అవుననకముందు, కాగితం తీసి అవసరాలు రాయించండి. మన సర్వీసులో నేర్చుకున్న విద్య ఇంట్లో పనికివచ్చే చోటు ఇదే.