పాట మనది, రాత ఎవరిది?

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా ఆగస్టు 29న గోపాల్‌పూర్‌లో తెలుగు కుటుంబాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఇటువంటి సభలో ముందుగా వారిని తలచుకోవడం ఆచారం. నేనూ చివరకు వారి దగ్గరకే వస్తాను. అయితే ముందు ఒక గాయకుని గురించి, ఆయన అభిమానుల మధ్య పుట్టిన ఒక తగవు గురించి చెప్పదలచుకున్నాను. భాషోద్యమ సభలో సినిమా పాటల ముచ్చట ఎందుకని పెద్దలు అనుకోవచ్చు. బరంపురం మొదలుకొని ఈ సముద్రపు ఒడ్డు వరకు మన ఇళ్ళలో తెలుగు ఇంకా చెవిన పడుతున్నదంటే అందులో సగం పుణ్యం అమ్మలది, మిగతా సగం పాటలది. మనల్ని నిలబెట్టిన పాటను గురించి మాట్లాడుకోవడం భాషను గురించి మాట్లాడుకోవడమే.

యాభై ఏళ్ళ యాత్ర

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారు తమ మొదటి సినిమా పాటను 1966 డిసెంబరులో పాడారు. చిత్రం శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న, సంగీతం ఎస్.పి. కోదండపాణిగారిది. ఆ పాటకు యాభై ఏళ్ళు నిండుతున్న సందర్భంగా 2016లో వారి కుమారుడు చరణ్ దేశదేశాల్లో కచేరీల యాత్రను ఏర్పాటు చేశారు. చిత్రగారు కూడా ఆ యాత్రలో పాల్గొన్నారు. డెబ్భై ఏళ్ళ వయసులో ఆయన ఊరూరా తిరిగి పాడుతుంటే, విన్నవారు కోరినవి ముఖ్యంగా పాత పాటలే. పెద్దవయసు కళాకారుడు వేదిక ఎక్కితే శ్రోత తన యౌవనాన్నే తిరిగి పాడించుకుంటాడు. ఇది అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

ఆ యాత్ర అమెరికాలో సాగుతుండగా 2017 మార్చిలో ఇళయరాజాగారి న్యాయవాది నుంచి తాఖీదు అందింది. అనుమతి లేకుండా ఇళయరాజా స్వరపరచిన పాటలు పాడరాదన్నది దాని సారాంశం. బాలుగారు ఆ సంగతిని తామే అభిమానులకు తెలియజేశారు. ఇటువంటి నిబంధన ఉన్నదని తమకు తెలియదనీ, చట్టం అదే అయితే గౌరవిస్తామనీ, ఇతర సంగీత దర్శకుల పాటలతో కచేరీలు కొనసాగిస్తామనీ చెప్పారు. ఎవరూ పరుషంగా మాట్లాడవద్దని కోరారు కూడా.

అభిమానులు మాత్రం ఊరుకోలేదు. బరంపురంలో సాయంత్రం పూట కలుసుకొనే మా మిత్రబృందం ఆ రోజున రెండుగా చీలిపోయింది. ‘‘గొంతు లేనిదే పాట ఎక్కడిది? పాడినవాడికే పాట మీద హక్కు లేదా?’’ అని ఒక పక్షం. ‘‘బాణీ కట్టినవాడు లేకపోతే గొంతు ఏం పాడుతుంది? తన సృష్టితో సొమ్ము వచ్చే చోట తన వాటా అడగడం తప్పా?’’ అని రెండవ పక్షం. నేను గాయకుని పక్షం వహించి గట్టిగానే వాదించాను. ఒక పాటను ఉదాహరణగా ఎత్తి పల్లవి, చరణాలు వినిపించి, ఈ పాట బాలుగారిది కాక మరెవరిదని అడిగాను. మాకు టీ తెచ్చిన మా మిత్రుని కుమార్తె, కళాశాలలో చదువుకొంటున్న పిల్ల, అక్కడే నిలబడి వింటున్నది. ‘‘మామయ్యా, ఆ మాటలు ఎవరు రాశారు?’’ అని అడిగింది.

ఎవరమూ చెప్పలేకపోయాము. ముప్ఫై ఏళ్ళుగా పాడుకుంటున్న పాట! గాయకుడు తెలుసు, సంగీత దర్శకుడు తెలుసు, తెరమీద పెదవులు కదిపిన నటుడూ తెలుసు. మాట కూర్చిన కవి మాకు తెలియదు.

మూడవ హక్కుదారు

చట్టం మాట కూడా చెప్పుకుందాం. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ పాటల రచయితను మరచిపోలేదు. సినిమా హాలు వెలుపల పాటను వాడుకున్నప్పుడు, హక్కులు పొందిన సంస్థతో సమానంగా రాయల్టీ పొందే హక్కును స్వరకర్తతో పాటు రచయితకూ ఇచ్చింది. ఆ హక్కును వదులుకుంటూ ఒప్పందం రాసుకున్నా చెల్లదన్నది. చట్టం గుర్తించిన ఈ మూడవ మనిషిని అభిమానులమైన మేము గుర్తించలేదు. ఇళయరాజా బాణీలకు తెలుగులో మాటలు కూర్చినవారిలో వేటూరి సుందరరామమూర్తిగారు అగ్రగణ్యులు. ఆ తగవు నాటికి ఆయన కన్నుమూసి ఏడేళ్ళు కావస్తున్నది. మా వాదోపవాదాల్లో ఆయన పేరే రాలేదు.

బాణీ ఏ భాషలోనైనా ఒదుగుతుంది. గొంతు కూడా ఒక్క భాషకు కట్టుబడి ఉండనక్కర లేదు. తెలుగు, హిందీ, కన్నడ, తమిళ భాషల్లో జాతీయ పురస్కారాలు అందుకొన్న బాలుగారే అందుకు సాక్ష్యం. ఒక పాటను తెలుగు పాట చేసేది మాట. ఈ సంగతి బాలుగారికి మనకంటె బాగా తెలుసు. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో ఆయన పిల్లల చేత పాట రాసిన కవి పేరు చెప్పించేవారు. ఒత్తు జారినా, ‘శ’ ‘ష’లు తారుమారైనా ఆపి, పలికించి, సరిదిద్దేవారు. అర్థం తెలిసి పాడమనేవారు. బడిలో తెలుగు చెప్పేవారు లేని మన పిల్లలకు చాలామందికి ఆయనే తెలుగు మాస్టారు.

తగవు సంగతి కూడా ముగించాలి గదా. 2019 జూన్ 2న చెన్నైలో జరిగిన ఇళయరాజా కచేరీలో బాలుగారు మళ్ళీ పాడారు. 2020 ఆగస్టులో బాలుగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు, త్వరగా లేచి రావాలని ఇళయరాజాగారు పిలిచారు. ఆ సెప్టెంబరు 25న బాలుగారు వెళ్ళిపోయారు. వారిద్దరి మధ్య తగవు అలా సమసిపోయింది. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగిన ప్రశ్న మాత్రం నాతో మిగిలిపోయింది.

స్కై ద్వీపపు పాట

మనవంటి మరొక కథ చెబుతాను. స్కాట్లాండుకు పడమట స్కై అనే ద్వీపం ఉన్నది. అక్కడివారి పాత భాష గేలిక్. 1973లో ఆ ద్వీపపు కుర్రవాళ్ళు రన్‌రిగ్ అనే పేరుతో ఒక రాక్ బృందం పెట్టారు. ఊరి భూమిని పట్టీలుగా పంచుకొని సాగుచేసే పాత పద్ధతికి అది పేరు. 1978లో వచ్చిన వారి మొదటి ఆల్బమ్ మొత్తం గేలిక్‌లోనే ఉన్నది. గిటార్లతో, డ్రమ్ములతో రాక్ పాట అంటే ఇంగ్లీషులోనే ఉండాలని లోకం అనుకొంటున్న రోజులవి. 1995లో వారి గేలిక్ పాట ఒకటి బ్రిటన్‌లో ఎక్కువగా అమ్ముడైన పాటల పట్టికలో 18వ స్థానానికి చేరింది. డెన్మార్కు, జర్మనీ దేశాల్లో కూడా వారికి అభిమానులు ఏర్పడ్డారు.

2016లో ‘ది స్టోరీ’ అనే ఆల్బమ్ విడుదల చేస్తూ, ఇదే తమ చివరి ఆల్బమ్ అని వారు ప్రకటించారు. ఆ మీదట వీడ్కోలు యాత్ర సాగింది. 2018 ఆగస్టు 17, 18 తేదీల్లో స్టర్లింగ్ కోట కింది మైదానంలో చివరి రెండు కచేరీలు జరిగాయి. వేలాదిమంది వచ్చారు. నలభై అయిదేళ్ళ ప్రయాణం అక్కడ ముగిసింది.

ఇక లెక్కలు చూడండి. ఆ బృందం పుట్టకముందు, 1971 జనగణనలో స్కాట్లాండులో గేలిక్ మాట్లాడేవారు దాదాపు 89 వేలు. 2011 నాటికి వారు 57 వేల చిల్లర. అంటే ఆ పాటలకు అభిమానులు పెరుగుతున్న కాలంలోనే ఆ భాష మాట్లాడేవారు తగ్గిపోయారు. 1985 నుంచి గేలిక్ మాధ్యమంలో ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి. 2005లో స్కాట్లాండు పార్లమెంటు గేలిక్ భాషా చట్టం చేసింది. 2022 జనగణన వచ్చేసరికి గేలిక్ కొంతైనా తెలిసినవారి సంఖ్య 87 వేల నుంచి లక్షా 30 వేలకు పెరిగింది. అయినా ఆ భాషకు పుట్టిల్లయిన పడమటి దీవుల్లో మాట్లాడేవారు సగానికి తక్కువైపోయారు.

ఇందులో మనకు రెండు పాఠాలున్నాయి. పాట భాష మీద ప్రేమను పుట్టిస్తుంది, కాని బడి చేయవలసిన పనిని పాట చేయలేదు. రెండవది, దూరాన ఉన్నవారు ఎంత అభిమానించినా, ఇంట్లోనూ వాడలోనూ మాట ఆగిపోతే ఆ లోటు తీరదు.

నెల, నేల

ఇప్పుడు మన గోపాల్‌పూర్ మాట. ఈ తీరాన వలలు వేసే మన గంగపుత్రుల కుటుంబాలు తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను ఈ తీరాన్నే దాటింది. ఇళ్ళు పోయినా ఇంటి మాట పోలేదు.

ఆ మధ్య ఇక్కడే ఒక పెళ్ళిలో పాటల బృందం పాడుతున్నది. ఇరవై ఏళ్ళ కుర్రవాడు బాలుగారి పాట ఎత్తుకున్నాడు. మంచి గొంతు. పాట అయ్యాక మెచ్చుకొని, అతని చేతిలోని నోటుపుస్తకం చూశాను. అక్షరాలన్నీ ఒడియావి.

‘‘ఏం బాబూ, ఇందులో ఒడియా పాటలు కూడా ఉన్నాయా?’’ అన్నాను.

‘‘లేవు తాతా, అన్నీ మన పాటలే. రాత ఒక్కటే వాళ్ళది’’ అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అతనిలో నాకు దోషం కనబడలేదు. తెలుగు అక్షరం నేర్పిన బడి అతనికి అందలేదు. అయినా పాటను వదులుకోక, చేతికి అందిన అక్షరాలతో దాచుకొన్నాడు. అంత ప్రేమ ఉన్నవాడిని తప్పుపట్టడానికి మనమెవరము?

ఇందులో తప్పేమున్నదని, పరభాష పాటలు పాడే గాయకులు తమ లిపిలో రాసుకోవడం లేదా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. వారు పరుల మాటను తమ లిపిలో రాసుకొంటారు. మన బిడ్డ తన మాటను పరుల లిపిలో రాసుకొంటున్నాడు. తేడా అక్కడ ఉన్నది.

మరొక చిక్కు కూడా ఉన్నది. ఒడియా లిపి ఎంతో అందమైన లిపి. ఆ భాషకు అది సరిగ్గా అమరినది. అయితే మనకున్న ఎ-ఏ, ఒ-ఓ అనే హ్రస్వ దీర్ఘ భేదం అందులో లేదు, ఆ భాషకు దానితో పనిలేదు. ఆ లిపిలో తెలుగు రాస్తే ‘నెల’, ‘నేల’ ఒకటైపోతాయి. ‘మెడ’, ‘మేడ’ ఒకటైపోతాయి. అమ్మ ‘ఒడి’కీ, ‘ఓడి’పోవడానికీ తేడా తెలియకుండా పోతుంది. ఇంట్లో తెలుగు వింటున్న ఈ కుర్రవాడు రాతలో లేని తేడాను చెవితో సరిదిద్దుకొని పాడగలడు. రేపు అతని బిడ్డకు ఆ చెవి కూడా లేకపోతే, ఆ నోటుపుస్తకంలో నెల ఏదో నేల ఏదో చెప్పేవారెవరు?

వెళ్ళినవారు, ఉండిపోయినవారు

గిడుగువారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. ఆ పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పాలని పుస్తకాలు రాసి, బడులు పెట్టించారు. తన భాషను ప్రేమించినవాడు పొరుగు భాషను కూడా గౌరవిస్తాడనడానికి అంతకంటె నిదర్శనం అక్కరలేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మన తాతముత్తాతలు వెళ్ళలేదు. ఈ నేలే తమదనుకొని ఉండిపోయారు. భాష ప్రాతిపదికగా ఏర్పడిన మొదటి రాష్ట్రం ఇది. భాష కోసం దశాబ్దాలు పాటుపడిన ఒడియా సోదరులకు మన బాధ అర్థం కాకపోదు. ఒడియా మన పిల్లలు బాగా నేర్వాలి, దానితో పాటు తెలుగు కూడా నేర్వాలి. మనం అడిగేది ఇంతే.

అందుకు చేయవలసినవి మూడు పనులు.

ఒకటి. రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలంటున్నది. బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని కోరితే ఆ భాష ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలన్న సూత్రం 1949 నాటి విద్యామంత్రుల సమావేశంలోనే ఒప్పుకొన్నది. కోరినట్టు కాగితం మీద ఉండాలి. పది మంది తల్లిదండ్రులు సంతకాలు చేసి ప్రధానోపాధ్యాయునికి అర్జీ ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి. అడగనివారికి ఇవ్వనందుకు ఎవరినీ నిందించలేము.

రెండు. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి 2027కు నిర్ణయమైంది. మాతృభాష అడిగినప్పుడు తెలుగు అని చెప్పండి. రాసుకున్నారో లేదో చూడండి. లెక్కలో లేనివారి కోసం బడి తెరవరు.

మూడు. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కరలేనిది ఇది. ప్రతి ఆదివారం ఒక గంట, ఏ ఇంటి అరుగు మీదనైనా సరే, పిల్లలకు ఇష్టమైన ఒక పాటను తీసుకోండి. దాన్ని తెలుగు అక్షరాల్లో రాయించండి. కింద కవి పేరు రాయించండి. నోటికి వచ్చిన పాటను చదవడం సులువు. మాట ముందే తెలుసు గనుక అక్షరం ఒక్కటే కొత్త. వారానికి ఒక పాట చొప్పున ఏడాది గడిస్తే పిల్లవాడు పత్రిక చదవగలడని నా నమ్మకం.

ఆ పెళ్ళిలో పాడిన కుర్రవాడు ఇప్పుడు అదే పని చేస్తున్నాడు. కొత్త నోటుపుస్తకం కొని, ఎడమ పేజీలో ఒడియా రాత, కుడి పేజీలో తెలుగు రాత పెట్టుకొన్నాడు. తలకట్లు వంకరగా ఉన్నాయి, దీర్ఘాలు అక్కడక్కడ తప్పుతున్నాయి. నిన్న సాయంత్రం నాకు చూపించి, ‘‘తాతా, నెలకూ నేలకూ కొమ్ము మారింది చూడు’’ అన్నాడు. అది కొమ్ము కాదు బాబూ, ఎత్వమూ ఏత్వమూ అని చెప్పాను. దిద్దుకొన్నాడు.

ఆ పుస్తకంతో అతను ఈ సభలోనే ఉన్నాడు. మన చర్చ అయ్యాక అందులోంచే ఒక పాట పాడతాడు. పాడేముందు రాసిన కవి పేరు చెబుతాడు. మీరంతా విని వెళ్ళాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.