ఉద్యోగమును స్వేచ్ఛయు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



"ఉద్యోగం పురుషలక్షణం" అను మాట వినబడని ఇల్లు తెలుగునాట అరుదు. చదువు ముగించిన కుమారునితో తండ్రియు, పిల్లనియ్యవచ్చిన పెద్దలును మొదట ఎత్తునది ఈ ప్రస్తావనయే. కాని ఉద్యోగమను సంస్కృత పదమునకు అసలైన అర్థము ప్రయత్నము, పూనిక అని. నెలజీతపు కొలువను అర్థము తరువాత వచ్చి చేరినది. నేడు తెల్లవారక మునుపే పొలమునకు పోవు రైతుబిడ్డయు, మగ్గము ముందు కూర్చుండు యువకుడును ఉద్యోగము లేనివారని పిలువబడుచున్నారు. తమ బ్రతుకును తామే చులకనగా చూచుకొనుచున్నారు. కావున కొలువు వెలుపల సుఖమును స్వేచ్ఛయు కలవా, కలవేని వాని వెల యెంత అనునది ఆలోచింపదగిన విషయము.

ఈ ప్రశ్నను తన బ్రతుకుతోనే పరీక్షించి చూచినవాడు హెన్రీ డేవిడ్ థోరో. ఆయన 1817లో అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున కాంకర్డు అను ఊరిలో జన్మించెను. ఆ కుటుంబమునకు పెన్సిళ్ల తయారీ జీవనాధారము. 1837లో హార్వర్డున పట్టభద్రుడై, స్వగ్రామములోని బడిలో ఉపాధ్యాయుడుగా చేరెను. పిల్లలను దండింపవలయునని పైవారు పట్టుపట్టగా, కొలది దినములకే ఆ పనిని వదలుకొనెను.

1845 జూలై 4వ తేదీన ఆయన వాల్డెను చెరువు చెంత, మిత్రుడైన ఎమర్సను భూమిలో, తాను కట్టుకొనిన చిన్న యింట కాపురము పెట్టెను. దాని పొడవు 15 అడుగులు, వెడల్పు 10 అడుగులు. రైలుమార్గపు కూలి యొకని గుడిసెను కొని, ఆ పలకలనే వాడుకొనెను. ఇంటికైన ఖర్చు 28 డాలర్ల పండ్రెండున్నర సెంట్లు. ఆ దినములలో హార్వర్డు విద్యార్థి యొక్క గది అద్దెయే ఏటికి 30 డాలర్లని ఆయన లెక్క చూపెను. రెండున్నర యెకరములలో ముఖ్యముగా చిక్కుడుజాతి గింజలు పండించెను. మొదటి యేట ఖర్చులు పోగా సేద్యమున మిగిలినది 8 డాలర్ల డెబ్బదియొకటిన్నర సెంట్లు మాత్రమే. మిగిలిన అవసరములకు భూమి కొలిచెను; వడ్రంగము చేసెను; కూలికి పోయెను.

ఈ లెక్కలను ఆయన దాచుకొనలేదు. పైసతో సహా పుస్తకమున వ్రాసిపెట్టెను. ఏడాదిలో ఆరు వారములు పాటుపడిన తన ఖర్చులన్నియు గడచునని తేల్చెను. ఒక వస్తువునకు నిజమైన వెల రూకలు కావనియు, దానికొరకు ధారపోయవలసిన ఆయుష్షే దాని వెల యనియు ఆయన భావము. ఇరుగుపొరుగు రైతులు ఇరువది ముప్పది యేండ్లు శ్రమించియు, తాకట్టు తీరక, తమ పొలమునకు తాము యజమానులు కాలేకుండుటను ఆయన కన్నులార చూచెను.

మిగిలిన కాలమును ఆయన సోమరితనమున గడపలేదు. చదివెను, వ్రాసెను, అడవులను పరిశీలించెను. బానిసత్వమును సహించు ప్రభుత్వమునకు తలపన్ను కట్టనని నిలిచి 1846 జూలైలో ఒక రాత్రి చెరసాలలో నుండెను. ఆ విషయమై 1849లో ఆయన ప్రకటించిన వ్యాసమును తరువాత దక్షిణాఫ్రికాలో గాంధీజీ చదివి ఆదరించెను. జీతము పోవునను భయము లేనివానికి అంతరాత్మ మాట వినుట కొంత సులభము.

అయినను రెండవ వైపును చూడవలయును. థోరో పెండ్లియాడలేదు, పిల్లలు లేరు. భూమి మిత్రునిది. కన్నవారి యిల్లు నడకదూరమున నుండుటచే అచటికి భోజనమునకు పోవుచుండెడివాడు. ఇట్టి వసతి ఎందరికి కలదు? తరతరములుగా చదువునకును భూమికిని దూరము చేయబడిన వారికి కొలువే మొదటి స్వేచ్ఛ. చేయిచాచి బ్రతుకవలసిన స్త్రీకి తన జీతము తనకు వచ్చిననాడే తల యెత్తుకొను వీలు కలిగినది. మరియొకవైపు, అప్పులో మునిగిన సేద్యగానికి పైయధికారి లేడు గాని వడ్డీ కలదు. అది ఆదివారము సెలవు కూడ ఇయ్యదు. కావున కొలువు మానినంతనే స్వేచ్ఛ లభించునని యనుట సాహసము.

థోరో కూడ తన్ననుకరింపుమని ఎవరికిని చెప్పలేదు. రెండేండ్ల రెండు నెలల రెండు దినములకు, 1847 సెప్టెంబరు 6వ తేదీన, ఆ యిల్లు విడిచి ఊరు చేరెను. తరువాత భూమి కొలుచుచు, పెన్సిళ్ల పనిలో తోడ్పడుచు జీవించెను. 1849లో అచ్చైన ఆయన మొదటి పుస్తకము వేయి ప్రతులలో 706 అమ్ముడు పోక 1853లో తిరిగివచ్చెను. వానిని తానే మోసి మేడమీదికి చేర్చి, మరల వ్రాయ మొదలిడెను. మరుసటి యేడు 'వాల్డెను' వెలువడినది. 1862లో, 44 యేండ్ల వయసున, క్షయచే మరణించెను.

ఆయన నుండి గ్రహింపదగినది గుడిసె కాదు, లెక్క. ఇంటికి నిజముగ కావలసినదెంత? దానికై వెచ్చింపవలసిన దినములెన్ని? మిగిలిన దినములతో చేయదలచినదేమి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వ్రాసికొనినవాడు కొలువులో నున్నను, పొలములో నున్నను కొంత స్వతంత్రుడే. మూడవ ప్రశ్నకు జవాబు లేనివానికి తీరిక దొరకినను అది భారమే యగును.

ఆ మూడవ ప్రశ్న కొరకే గ్రామమున గ్రంథాలయము వెలసినది. పట్టభద్రుడైన థోరోయే 1849లో హార్వర్డు గ్రంథములను ఇంటికి తెచ్చుకొనుటకు అధ్యక్షునకు లేఖ వ్రాసి అనుమతి పొందవలసివచ్చెను. ఈ యూరిలో ఇరువదియైదేండ్లుగా ఆ తలుపు అందరికిని తెరచియున్నది. సాయంకాలము కాళ్లు కడుగుకొని వచ్చి ఈ బల్లయొద్ద కూర్చుండు రైతుబిడ్డను ఇకపై ఉద్యోగము లేనివాడని ఎవరును అనకుందురు గాక!