కరెంటు షాకు పరిహారం: దయ కాదు, హక్కు

(విశాఖపట్నంలో సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



కోతలు అయ్యాక మన ఊళ్లలో చాలా ఇళ్ల నుంచి ఒక్కరైనా విశాఖ బస్సెక్కుతారు. పోర్టులో, స్టీల్ ప్లాంటులో, గాజువాక షెడ్లలో, అపార్టుమెంటు పనుల్లో కాంట్రాక్టరు కింద కుదురుతారు. పొలంలోనూ అక్కడా పొంచి ఉన్న ప్రమాదం ఒకటే, కరెంటు.

2020 ఆగస్టు 1న హిందూస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. కార్మిక సంఘాలు పట్టుబట్టి కూర్చుంటే కుటుంబానికి 50 లక్షల చొప్పున ఒప్పుకున్నారు. పదకొండు మంది ఒకేసారి పోతే మంత్రులొస్తారు, టీవీలొస్తాయి. ఒక్కడు షాకు కొట్టి పడిపోతే ఎవరూ రారు. అతనికి దిక్కు చట్టమే. అందుకే ఆ చట్టం మనకు తెలిసి ఉండాలి.

1923 నుంచి ఉన్న ఉద్యోగుల పరిహార చట్టం 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్‌లో ఏడో అధ్యాయమైంది. మూల సూత్రం మారలేదు. యజమాని తప్పు చేశాడని మనం రుజువు చేయక్కర్లేదు. పని చేస్తుండగా, పని వల్ల ప్రమాదం జరిగిందని చూపితే చాలు. "గ్లవ్స్ వేసుకోలేదు" అనే సాకు మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి చెల్లదు.

లెక్క చూద్దాం. మనిషికి 30 ఏళ్లు, నెలకు 12,000 జీతం. చనిపోతే జీతంలో సగాన్ని ఆ వయసు గుణకం 207.98తో హెచ్చిస్తారు. 12,47,880 రూపాయలు వస్తుంది. రెండు చేతులూ పోతే జీతంలో 60 శాతం లెక్కన 14,97,456. ఒక చేయి మణికట్టు దగ్గర పోతే అందులో 60 శాతం, అంటే దాదాపు 8 లక్షల 98 వేలు. వైద్యం ఖర్చు దీనికి అదనం. ఈఎస్ఐ కార్డు ఉంటే దారి వేరు. అప్పుడు వైద్యం, భృతి, పెన్షను అన్నీ ఈఎస్ఐ నుంచే రావాలి.

ఇక పెద్దమనుషుల సెటిల్‌మెంటు సంగతి. కాంట్రాక్టరు రెండు లక్షలు చేతిలో పెట్టి స్టాంపు కాగితం మీద సంతకం అడుగుతాడు. తొందరపడి పెట్టకండి. మరణ పరిహారం అధికారి దగ్గర జమ చేస్తేనే చెల్లింపు. హక్కు వదులుకుంటున్నామని రాయించుకున్న కాగితం చెల్లదు. కాంట్రాక్టరు పారిపోయినా, తన పని అతనితో చేయించుకున్న ప్రధాన యజమాని కట్టాలి. నెలలోపు కట్టకపోతే 12 శాతం వడ్డీ, సరైన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా.

షాకు కొట్టిన రోజే చేయాల్సినవి ఉన్నాయి. ఆసుపత్రి చీటీలో "పని చేస్తుండగా కరెంటు షాకు" అని రాయించండి. పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. తీగ, మోటారు, స్విచ్చి బోర్డు ఫొటోలు తీయండి. గేటు పాసు, హాజరు, జీతం పడిన బ్యాంకు పాసుబుక్కు దాచండి. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు విచారణ నివేదిక కాపీ అడగండి. యజమానికి రాతపూర్వకంగా తెలియజేసి, రెండేళ్లలోపు కార్మిక శాఖ కార్యాలయంలో దరఖాస్తు పెట్టండి.

లైను తెగిపడి ప్రాణం పోతే కరెంటు సంస్థ బాధ్యత. 2022 జూన్ 30న శ్రీ సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో కూలికి వెళ్తున్న ఆటో మీద తీగ పడి ఐదుగురు మహిళలు సజీవ దహనమయ్యారు. ఉడుత వల్ల జరిగిందన్నారు. ఇలాంటి సాకులకు సుప్రీంకోర్టు 2002లోనే జవాబు చెప్పింది. మధ్యప్రదేశ్‌లో తెగిన తీగ తగిలి సైకిలు మీద వెళ్తున్న మనిషి చనిపోతే, ఎవరో కరెంటు దొంగిలించారని బోర్డు వాదించింది. ప్రమాదకరమైన సరుకు పంచేవాడు తప్పు తనది కాదని తప్పించుకోలేడని కోర్టు తేల్చింది.

చివరిగా మన మాట. మన బోరు దగ్గర కూలీకి షాకు కొడితే అక్కడ యజమాని మనమే. ట్యూబ్‌వెల్ పని, కరెంటు యంత్రాలతో చేసే సాగు చట్టంలోకి వస్తాయి. కాంట్రాక్టరును నిలదీసే మనం ఆ రోజు మొహం చాటేయకూడదు. మోటారుకు ఎర్తింగ్ పెట్టించుకుందాం, కూలీలకు బీమా కట్టుకుందాం. లైన్‌మన్ రాలేదని ట్రాన్స్‌ఫార్మరు ఎక్కి ఫ్యూజు వేయవద్దు, ఎవరినీ ఎక్కించవద్దు. లైన్‌మన్ పోస్టులు నింపమని, వేలాడే తీగలు సరిచేయమని అందరం కలిసి అడుగుదాం. పరిహారం ఇంటికి అన్నం పెడుతుంది గానీ, పోయిన మనిషిని తేదు.